మామిడి తోటలో స్టైలో: దుక్కి మానేసి నేల కప్పడం, పశువులకు మేత తీయడం ఎలా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి తోట అంటే చాలామందికి ఒకటే లెక్క, చెట్ల మధ్య నేల ఎర్రగా, ఒక్క గడ్డిపోచ లేకుండా కనిపించాలి. అలా లేకపోతే పక్క తోటాయన గెనిమ మీద నిలబడి "ఏంది సామీ, ఈసారి దుక్కి కూడా చేయించలేదా" అని అడిగేస్తాడు. ఆ మాటకి జడిసి ఏడాదికి రెండు మూడుసార్లు ట్రాక్టరు పెట్టి దున్నిస్తాం. డీజిల్ ఖర్చు సరే, అసలు నష్టం అది కాదు. దున్ని వదిలిన ఎర్ర గరప నేల మీద అక్టోబరు, నవంబరు తుఫాను వాన పడితే పైమట్టి వాలు పట్టుకుని నేరుగా వంకలోకి పోతుంది. 2021 నవంబరులో తిరుపతి, చంద్రగిరి వైపు కురిసిన వానలకి స్వర్ణముఖి ఎంత బురదగా పారిందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అందులో మన చేల వాటా కూడా ఉంది.

ఇంకోపక్క అదే ఇంట్లో పాకలో రెండు ఆవులో ఒక ఎనుమో ఉంటాయి, వాటికి ఎండాకాలంలో గడ్డి కొనాలి, దాణా కొనాలి. తోతాపురి మామిడి ధర పడిపోయిన ఏడాది (2025లో ఫ్యాక్టరీ ధరకి తోడు ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలపాల్సి వచ్చింది గదా) ఇల్లు నడిపేది ఆ పాల డబ్బే. తోటలో ఖాళీగా ఎండుతున్న నేల, పాకలో మేత లేని పశువు, ఈ రెంటికీ కలిపి పనికొచ్చే మొక్క స్టైలో. శనక్కాయ, అలసంద లాగా ఇదీ పప్పుజాతే, వేర్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి పెట్టుకుంటుంది, మెట్టన బతుకుతుంది, పశువు తింటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాతి పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. స్టైలోలో మొదటి ఏడాది మీరు పండించేది మేత కాదు, నేలలో విత్తనం. ఆ ఏడాది మొక్క పూసి, గింజ కట్టి, ఆ గింజ నేలన రాలితే రెండో ఏడాది నుంచి తోట దానంతట అదే కప్పుకుంటుంది. ఆత్రపడి కోసేసినా, మేకల్ని తోలేసినా, "ఏం పెరగలేదు" అని జూన్‌లో మళ్లీ దున్నేసినా అక్కడితో కథ అయిపోతుంది. "మేమూ వేశాం, రాలేదు" అనేవాళ్లని ఎవరినైనా కదిలించి చూడండి, ఈ మూడింట్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

ఏ రకం, ఎక్కడ

మెట్ట తోటలకి చూసుకోవాల్సినవి ముఖ్యంగా రెండు. మొదటిది హమాటా. కరీబియన్ సముద్రం చుట్టుపక్కల పుట్టిన మొక్క, ఆస్ట్రేలియా వాళ్లు వెరానో అనే పేరుతో పెంచిన రకం ఇదే. సన్నటి మూడేసి ఆకులు, చిన్న పసుపు పూలు, మోకాలెత్తుకి కాస్త అటూ ఇటూ పెరిగి పక్కలకి పరుచుకుంటుంది. ఒక్కో మొక్క ఎక్కువ కాలం బతకదు, ఏడాదో రెండేళ్లో, కానీ గింజ విపరీతంగా రాల్చి మళ్లీ మళ్లీ మొలుస్తుంది. చెట్ల వరసల మధ్య వేయాల్సింది ఇది.

రెండోది స్కాబ్రా. ఇది పొద, కాండం గట్టిపడి కట్టెలా తయారవుతుంది, వదిలేస్తే నడుమెత్తు దాటుతుంది, వేరు బాగా లోతుకి పోతుంది కాబట్టి హమాటా ఎండిపోయిన నెలల్లో కూడా దీనికి పచ్చాకు ఉంటుంది. గెనిమల మీద, కంచె వెంట, తోట పక్కన ఉన్న బీడు మిట్టల మీద ఇది బాగుంటుంది. తోట మధ్యలో మాత్రం వద్దు, కాయలు కోసేటప్పుడు కాళ్లకి అడ్డం. గయానెన్సిస్ అని ఇంకొకటి కూడా ఉంది, దానికి వాన ఎక్కువ కావాలి, మన మెట్టకి అది పని కాదు.

ఎర్ర నేల, ఇసుక కలిసిన నేల, గులకరాళ్ల మిట్ట, సారం లేని నేల, ఇవన్నీ దీనికి సరిపోతాయి. నీళ్లు నిలిచే పల్లం, బంకమట్టి కయ్య పనికిరావు. నీడ కూడా పడదు, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తోటలోకి వెళ్లి రెండు వరసల మధ్య నిలబడి చూడండి. నేలలో సగానికి పైగా ఎండ పడుతుంటే వేసుకోవచ్చు. కొమ్మలు ఒకదానికొకటి తగిలి నేలంతా నీడే ఉన్న పాత బేనిషా (బంగినపల్లి) తోటల్లో డబ్బు దండగ. పామాయిల్, రబ్బరు తోటల్లో నేల కప్పడానికి ప్యూరేరియా, కలోపోగోనియం లాంటి తీగ పప్పుజాతులు వేస్తారని విని అవి తెచ్చి మామిడిలో వేయాలనుకోవద్దు. వాటికి వాన ఎక్కువ కావాలి, పైగా దొరికిన చెట్టుకల్లా ఎగబాకుతాయి.

మొక్కలు పెట్టి రెండు మూడేళ్లు కూడా కాని లేత తోట అయితే ఎండకి కొదవ ఉండదు గానీ నీటికి పోటీ వస్తుంది. అక్కడ ప్రతి మొక్క చుట్టూ కనీసం మీటరున్నర దూరం ఖాళీగా ఉంచి వేయండి. బోరు లేని లేత తోటయితే రెండేళ్లు ఆగడమే మంచిది.

విత్తనం ఎంత కావాలి, ఎలా సిద్ధం చేయాలి

వట్టి నేలలో అయితే వరసల్లో విత్తడానికి ఎకరాకి రెండున్నర కిలోలు, చల్లడానికి 4 కిలోలు. తోటలో అంత అక్కర్లేదు, చెట్టు కింద భాగం తీసేసి లెక్కేయాలి. 10 మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఎకరాకి 40 చెట్లు ఉంటాయి. కొమ్మలు మొదలు నుంచి 4 మీటర్ల దూరం విస్తరించి ఉంటే ఒక్కో చెట్టు కింద 50 చదరపు మీటర్లు, 40 చెట్లకి 2,000, అంటే సుమారు అర ఎకరా చెట్ల కిందే పోయింది. మిగిలిన అర ఎకరాకి చల్లడానికి 2 కిలోలు చాలు.

అనంతపురం వైపు రైతులు ఏళ్లుగా ఈ విత్తనం పండించి అమ్ముతున్నారు, కాబట్టి మన చుట్టుపక్కల దొరకడం పెద్ద సమస్య కాదు. పశువైద్యశాలలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని చూడండి. హమాటా గింజ పైపొట్టుతో ఉంటే కొన్నింటి కొసన చిన్న కొక్కెం కనిపిస్తుంది, కొన్నింటికి ఉండదు. ఒకే కాయలో పై గింజకి కొక్కెం ఉంటుంది, కింది గింజకి ఉండదు, అంతే, కల్తీ అనుకోవద్దు. చూడాల్సింది మట్టి, పుల్లలు ఎంత ఉన్నాయని. నేల ఊడ్చి తీసే విత్తనం ఇది, సరిగా జల్లెడ పట్టకపోతే కిలోలో పావు మట్టే ఉంటుంది.

ఈ గింజ పెంకు చాలా గట్టిది. అలాగే విత్తితే కొంత ఈ వానకి, కొంత వచ్చే ఏడాదికి, కొంత ఆపై ఏడాదికి మొలుస్తుంది. అడవిలో బతకడానికి అది తెలివైన పద్ధతే, మనకి మాత్రం మొదటి వానకే నేల నిండా మొలకలు కావాలి. అందుకే వేడినీళ్ల శుద్ధి. 80 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో 4 నిమిషాలు ఉంచాలి. థర్మామీటరు లేకపోతే ఇలా చేయండి: తెర్లుతున్న నీళ్లు మూడు చెంబులు, మామూలు నీళ్లు ఒక చెంబు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. గింజని పల్చటి గుడ్డలో వదులుగా మూట కట్టి అందులో ముంచి, కర్రతో అటూ ఇటూ కదుపుతూ సెల్‌ఫోన్‌లో టైం పెట్టుకుని 4 నిమిషాలకి తీసేయాలి. కిలో గింజకి కనీసం పది లీటర్ల నీళ్లు ఉండాలి, చిన్న గిన్నెలో ఎక్కువ గింజ వేస్తే నీళ్లు వెంటనే చల్లారిపోతాయి, అప్పుడు శుద్ధి చేసీ చేయనట్టే. పొయ్యి మీద ఉన్న పాత్రలోనే వేసేయడం అస్సలు వద్దు, గింజ ఉడికిపోతుంది.

తీసిన మూటని చన్నీళ్లలో రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే నీడలో గోనెపట్టా మీద ఆరబెట్టండి. చేతికి అంటుకోకుండా జారేటంత ఆరితే చాలు. అదే రోజో మరుసటి రోజో విత్తేయాలి, నానిన గింజని వారం పది రోజులు ఉంచుకోకూడదు. అంటే వాన సూచన చూసుకుని శుద్ధి చేయాలి, శుద్ధి చేసేసి వాన కోసం ఎదురుచూడకూడదు.

విత్తడానికి రెండు వారాల ముందు 100 గింజలు మాత్రం ఇలా శుద్ధి చేసి తడి గోనెసంచి ముక్కలో చుట్టి పెట్టండి. పది రోజుల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెడితే మోతాదు పెంచాలా అక్కర్లేదా అనేది తేలిపోతుంది. 30 కూడా మొలవకపోతే ఆ విత్తనం వెనక్కి ఇచ్చేయండి.

రైజోబియం కల్చరు (వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా) గింజకి పట్టించాలా అంటే, శనక్కాయో అలసందో ఉలవలో పండిన నేల అయితే సాధారణంగా అవసరం పడదు, వాటి వేర్ల మీద ఉండే బ్యాక్టీరియాయే దీనికీ పనిచేస్తుంది. ఎన్నడూ పప్పుజాతి పంట చూడని మిట్ట అయితే బెల్లం నీళ్లతో అలసంద కల్చరు పట్టించండి. గింజ పూర్తిగా చల్లారి ఆరిన తర్వాతే, వేడి గింజకి పట్టిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఎప్పుడు విత్తాలి

పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు జూన్ చివర నుంచి జూలై లోపల. తూరుపు దిక్కు, అంటే పుత్తూరు, సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు ఈశాన్య రుతుపవనాలే పెద్ద వాన కాబట్టి సెప్టెంబరు వరకు ఆగొచ్చు. కానీ అక్టోబరు దాటితే వద్దు. చలికి పెరుగుదల మందగిస్తుంది, గింజ కట్టే లోపల నేల ఆరిపోతుంది. పైగా నవంబరు తుఫాను వానకి పైన చల్లిన గింజంతా కొట్టుకుపోయి పల్లంలో ఒకచోట కుప్పగా మొలుస్తుంది.

జూన్, జూలైలో తోతాపురి కోతలు నడుస్తుంటాయి, ట్రాక్టర్లు, మనుషులు తోటంతా తిరుగుతుంటారు. కోత అయిపోయాకే విత్తండి. ఆలస్యమైనా పర్వాలేదు, చక్రాల కింద నలిగిన మొలక లేవదు.

నేల, ఎరువు, విత్తడం

ఇదే ఆఖరి దుక్కి అనుకుని చేయండి. మొదటి వానకి తేలిగ్గా ఒకసారి దున్ని వదిలేస్తే పది, పదిహేను రోజుల్లో కలుపు మొలుస్తుంది. దాన్ని గుంటకతో పైపైన కొట్టేసి, రెండో వానకి విత్తాలి. ఈ రెండు వారాలు ఆగితే తర్వాత కలుపు కూలీ సగం తగ్గుతుంది, తొందరపడి మొదటి వానకే విత్తితే తుంగ, వయ్యారిభామ మీ స్టైలో కన్నా ముందు లేస్తాయి. చెట్ల పాదుల దగ్గర లోతుగా దున్నొద్దు, మామిడికి మేత తీసుకునే సన్నవేర్లన్నీ పైనే ఉంటాయి.

ఎరువు విషయంలో దీనికి కావాల్సింది భాస్వరం. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు హెక్టారుకి 20 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం, 15 కిలోల పొటాష్. ఎకరాకి మార్చుకుంటే 8, 24, 6 అవుతుంది. 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేస్తే నత్రజని, భాస్వరం రెండూ సుమారుగా సరిపోతాయి, పది కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలపండి. నా ఓటు మాత్రం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌కే, ఎకరాకి 3 బస్తాలు, ఎందుకంటే దాంతో గంధకం, సున్నం కూడా వస్తాయి, మన గరప నేలల్లో అవి తక్కువ. అప్పుడు నత్రజని కోసం దిబ్బెరువు ఉంటే చల్లండి, లేకపోతే మానేయండి, యూరియా మాత్రం వేయొద్దు. యూరియా వేస్తే లాభపడేది గరికే. ఎరువు కూడా మీరు విత్తే భాగానికే లెక్క, అర ఎకరా విత్తితే అందులో సగం.

విత్తేది లోతుగా కాదు. అర సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరు. శనక్కాయ గొర్రుతో వేస్తే గింజ పాతాళానికి పోయినట్టే, మొలక పైకి రాదు. గింజకి పది రెట్లు పొడి ఇసుక కలిపి, 30 సెంటీమీటర్ల ఎడంతో పుల్లతో సన్నగా గీతలు గీసి అందులో రాల్చి, పైన కంపమండ ఈడిస్తే చాలు. చల్లేటట్టయితే ఒకసారి పొడుగున, ఒకసారి అడ్డంగా, రెండుసార్లు చల్లితే సమంగా పడుతుంది. వాలు నేలలో వరసలు వాలుకి అడ్డంగా ఉండాలి, నీళ్లని ఆపేది అప్పుడే.

కూలి ఎక్కువైనా మొదటిసారి వరసల్లోనే విత్తమంటాను, కారణం కింద చెబుతాను.

మొదటి రెండు నెలలు

వారం, పది రోజుల్లో మొలుస్తుంది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది. నెల రోజులకి కూడా జానెడు ఎత్తు ఉండదు, సన్నగా, కనిపించీ కనిపించకుండా. పైన పెరగకపోయినా కింద వేరు దిగుతూ ఉంటుంది, అది మనకి కనపడదు కాబట్టి టెన్షన్. ఇక్కడ చేయాల్సింది కలుపు తీయడం ఒక్కటే, విత్తిన 20-25 రోజులకి ఒకసారి, 45 రోజులకి ఇంకోసారి.

అసలు చిక్కు ఏంటంటే కలుపు తీసే ఆడవాళ్లకి ఈ మొలక తెలీదు. తెలియని మొక్కని కలుపే అనుకుంటారు, పీకేస్తారు, వాళ్ల తప్పేం లేదు. అందుకని విత్తిన రోజే ఇంటి దగ్గర ఒక తొట్టిలో వట్టి మట్టి పోసి నాలుగు గింజలు వేసి పెట్టండి. కలుపు తీసే రోజు ఆ తొట్టి తోటకి తీసుకెళ్లి "అక్కా, ఇట్లుండేది పీకొద్దు" అని చూపిస్తే అయిపోతుంది. వరసల్లో విత్తమన్నది కూడా ఇందుకే, గీతలో ఉన్నది పంట, గీత బయట ఉన్నది కలుపు.

50 రోజులప్పుడు రెండు మూడు చోట్ల మొక్కని పారతో మట్టిపెళ్లతో సహా లేపి, నీళ్లలో ముంచి మట్టి కడిగి వేరు చూడండి. చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల గులాబీ, ఎరుపు రంగు కనిపిస్తే నత్రజని పని జరుగుతున్నట్టు. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉండి ఆకు కూడా పాలిపోయి ఉంటే బ్యాక్టీరియా కుదరలేదు, మట్టిలో కలిపే కల్చరుని దిబ్బెరువుతో కలిపి తడి ఉన్నప్పుడు వరసల వెంట చల్లండి. మొక్కని లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, అందుకే తవ్వి తీయమన్నది.

ఈ రెండు నెలలు పశువు, మేక, గొర్రె ఏదీ లోపలికి రాకూడదు. కంచె లేని తోటల్లో ఇదే పెద్ద తలనొప్పి, మందలు తోలుకొచ్చేవాళ్లకి ముందుగా నోటిమాటగా చెప్పి పెట్టడం నయం, తర్వాత గొడవ పడేదాని కన్నా.

మొదటి ఏడాది కోయాలా?

సిఫారసుల్లో విత్తిన 75 రోజులకి, పూత దశలో మొదటి కోత అని ఉంటుంది. నీటి వసతి ఉండి, మొక్క ఒత్తుగా లేచి ఉంటే కోయొచ్చు. వానాధారం అయితే కోయకండి. పూత రానివ్వండి, గింజ కట్టనివ్వండి, రాలనివ్వండి. డిసెంబరు, జనవరిలో మొక్క కింద మట్టిని అరచేత్తో తడిమితే కొక్కేల గింజలు గరగరా తగలాలి. అవి తగిలాక, మామిడి మందు జల్లు పడకపోయి ఉంటేనే, ఎండుతున్న పైమొక్కని ఎత్తుగా కోసుకుని పశువులకి వేసుకోండి.

మరీ పశువులకి మేత అవసరమైతే తోటని రెండు భాగాలు చేసి ఒక భాగం మాత్రమే కోయండి, రెండోది గింజకి వదిలేయండి. ఏ కోతకైనా నేల నుంచి 10-15 సెంటీమీటర్ల మోడు ఉండాలి, మోడులో కాసిన్ని పచ్చాకులు మిగలాలి. నేలకి అంటగట్టి కొడవలి వేస్తే మళ్లీ చిగురు రాదు. గెనిమల మీది స్కాబ్రాకి ఇంకా ఎత్తు వదలాలి.

రెండో ఏడాది నుంచి: మేపడంలో ఉన్న కిటుకు

జూన్ వానకి రాలిన గింజంతా ఒక్కసారిగా లేస్తుంది, దాంతో పాటు గడ్డీ లేస్తుంది. ఇక్కడ చాలామంది కంగారుపడి మళ్లీ గుంటక పట్టిస్తారు. అక్కర్లేదు, పశువులే ఆ పని చేస్తాయి. వానలు పడ్డ కొత్తలో ఆవులు స్టైలోని పెద్దగా ఇష్టపడవు, లేత కసువు వైపే పోతాయి. ఆ నెలా నెలన్నర వాటిని కొద్దికొద్దిసేపు లోపలికి వదిలితే అవి గడ్డిని కొరికి కింద పెడతాయి, స్టైలోకి ఎండ దొరుకుతుంది, పైకి లేస్తుంది. వానలు తగ్గి గడ్డి ముదిరి పీచు పట్టాక, సెప్టెంబరు, అక్టోబరు నుంచి అవే ఆవులు స్టైలోని వెతుక్కుని తింటాయి. పశువుకి స్టైలో నచ్చలేదని జూలైలోనే తేల్చేయకండి.

పూత నిండుగా ఉన్నప్పుడు మాత్రం మూడు నాలుగు వారాలు పశువుల్ని ఆపేయాలి, ప్రతి ఏడాదీ, గింజ రాలడానికి. రాలిన గింజలో కొంత పశువు కడుపులోకి పోయి పేడతో చెక్కుచెదరకుండా బయటికొస్తుంది, పేడ పడ్డచోటల్లా కొత్త మొక్కలు మొలుస్తాయి. బీడు మిట్టల మీద దీన్ని విస్తరించడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. అదే కారణంగా శేషాచలం అడవి అంచున తోటలున్నవాళ్లు కాస్త జాగ్రత్త, స్టైలో మేసిన మందని నేరుగా అడవిలోకి తోలకండి, మన మొక్క అక్కడ చేరి స్థానిక మొక్కలతో పోటీ పడాల్సిన పని లేదు.

మామిడి తోటలో ఏ పశువుని వదలాలి? మేకలు వద్దే వద్దు, ముందరి కాళ్లు పైకెత్తి కొమ్మలు పట్టుకుంటాయి. గొర్రెలు నేల వైపే మేస్తాయి, కింది కొమ్మలు ఎత్తుగా ఉన్న తోటలో వదలొచ్చు. పుంగనూరు ఆవు లాంటి పొట్టి జాతికి కొమ్మలు అందవు గానీ అంత ఖరీదైన ఆవుని తోటలో వదిలేవాళ్లు ఎవరులెండి. సంకరజాతి ఆవులకైతే కోసి తెచ్చి పాకలో వేయడమే మేలు, వాటి బరువుకి తడి నేల అణిగిపోతుంది కూడా.

తోట పక్కన బీడుంటే స్టైలో ఒక్కదాన్నే కాకుండా అంజన్ గడ్డి కలిపి వేయండి. పప్పుజాతి ఇచ్చే నత్రజనితో గడ్డి పెరుగుతుంది, పశువుకి రెండూ కలిసిన మేత దొరుకుతుంది.

మేతగా ఎలా పెట్టాలి

పూతకి వచ్చే దశలో కోసిన స్టైలోలో మాంసకృత్తులు పొడిబరువులో 15-18 శాతం దాకా ఉంటాయి, వరిగడ్డిలో 3-4 శాతం మించవు. కాబట్టి ఇది వరిగడ్డికి జోడీ. పచ్చిమేతలో మూడో వంతు స్టైలో, మిగతాది నేపియర్ గడ్డో జొన్నో ఉండేట్టు చూసుకుంటే సరి. రోజుకి 20 కిలోల పచ్చిమేత తినే ఆవుకి 6, 7 కిలోలు. మొదట్లో ముఖం తిప్పుకునే పశువుకి చాఫ్ కట్టర్‌లో గడ్డితో కలిపి నరికి, కొంచెం తౌడు చల్లి పెట్టండి, వారంలో అలవాటవుతుంది. లూసర్న్ మేత ఎక్కువైతే కడుపు ఉబ్బుతుందన్న భయం ఉంటుంది చూడండి, స్టైలోతో ఆ బాధ లేదు.

ఎండుమేత చేసుకోవాలంటే నవంబరు చివర, డిసెంబరులో, వానలు తెరిపిచ్చాక కోయండి. బలమంతా ఆకులోనే ఉంది, ఎండిన ఆకు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. మధ్యాహ్నం ఎండలో తిరగేస్తే చివరికి మీ చేతికి పుల్లలే మిగులుతాయి. తెల్లవారి మంచుకి మెత్తబడి ఉన్నప్పుడే తిరగేయాలి, అప్పుడే మోపు కట్టాలి. టార్పాలిన్ మీద ఆరబెడితే రాలిన ఆకు కూడా దక్కుతుంది, ఆ ఆకుపొడి దాణాలో కలపొచ్చు.

దిగుబడి గురించి పెద్ద లెక్కలు వింటారు. మూడో ఏడాది నుంచి హెక్టారుకి 30-35 టన్నుల పచ్చిమేత అన్నది బాగా కుదురుకున్న స్టైలో చేను లెక్క. చెట్ల మధ్య అర ఎకరాలో వానాధారంగా అంత ఆశించి ఆవుల సంఖ్య పెంచేయకండి.

మామిడి పనులతో ఎలా సర్దుకోవాలి

ఇక్కడ నాలుగు విషయాలున్నాయి, అన్నిటికన్నా ముఖ్యం మందుల సంగతి. డిసెంబరు నుంచి పూత మీద తేనెమంచు పురుగుకి, బూడిద తెగులుకి మందులు కొడతాం. ఆ జల్లు అంతా కింద ఉన్న స్టైలో మీద పడుతుంది. అది కోసి ఆవుకి వేస్తే పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. కాబట్టి పిచికారీ మొదలవకముందే తోటలో స్టైలోని పూర్తిగా కోసి ఎండబెట్టి దాచేయండి. గింజకి వదిలిన భాగాన్ని మేతగా లెక్కలోంచి తీసేయండి. పిచికారీలు నడిచినన్నాళ్లు తోటలోకి పశువు పోకూడదు, ఆ నెలల్లో గెనిమల మీది స్కాబ్రా ఆదుకుంటుంది, అదీ చెట్ల జల్లు అందనంత దూరంలో ఉంటేనే.

రెండోది నీళ్లు. అక్టోబరు నుంచి మామిడికి నీళ్లు ఆపి బెట్టకి వదులుతాం, పూత కోసం. అప్పుడు స్టైలో కోసం అని డ్రిప్ వదలకండి. అది వానకే బతకాలి.

మూడోది నిప్పు. ఫిబ్రవరి నుంచి ఎండిన మొక్క బాగా అంటుకుంటుంది, దారిన పోయేవాడు పారేసిన బీడీ చాలు. తోట చుట్టూ రెండు మూడు మీటర్ల వెడల్పున గీకి వట్టి నేలగా ఉంచండి, లోపల కూడా ప్రతి చెట్టు మొదలు దగ్గర ఎండు కసువు లేకుండా చూడండి. దుక్కి మానేయమన్నది ఈ చుట్టుకట్టుకి వర్తించదు.

నాలుగోది పాములు, వాటి భయం గురించి అందరూ అడుగుతారు. గుబురుగా ఉన్నచోట ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి, అది నిజమే. మనుషులు నడిచే బాటలు, బోరు దగ్గర, డ్రిప్ వాల్వుల దగ్గర ఎప్పుడూ పొట్టిగా కోసి పెట్టండి. ఏప్రిల్, మే నాటికి ఎలాగూ మొక్క ఎండి పలచబడుతుంది కాబట్టి కోతల టైంకి అంత ఇబ్బంది ఉండదు. రాలిన కాయలు మాత్రం వెతికి ఏరేయాలి, కసువులో కనపడకుండా కుళ్లితే పండు ఈగ పెరుగుతుంది.

తెగులు

దీనికి వచ్చే ముఖ్యమైన రోగం ఆంత్రాక్నోస్. ఆకుల మీద మధ్యలో బూడిదరంగు, చుట్టూ ముదురు అంచుతో మచ్చలు పడతాయి, ఆకు రాలుతుంది, కాండం మీద నల్లటి గాట్లు వస్తాయి. వానలు ఎడతెరిపి లేకుండా పడ్డప్పుడు కనిపిస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన వేల ఎకరాల్లో టౌన్స్‌విల్ స్టైలో అనే ఒకే రకం పరుచుకుని ఉండేది, 1970ల్లో ఈ రోగమే దాన్ని ఊడ్చిపెట్టింది. అందుకే ఒకే రకం మీద పూర్తిగా ఆధారపడొద్దు, లోపల హమాటా, గెనిమల మీద స్కాబ్రా ఉండనివ్వండి. మేతకి మందు కొట్టడం గిట్టుబాటు కాదు, మంచిది కూడా కాదు. మచ్చలు ఎక్కువైన భాగాన్ని కోసి మేపేయండి, కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది.

సొంత విత్తనం

రెండో ఏడాది చివర్లో కొంత భాగం విత్తనానికి పెట్టుకుంటే మళ్లీ కొనే పని ఉండదు. గింజ అంతా ఒకేసారి పండదు, పండింది పండినట్టు రాలిపోతుంది, కాబట్టి మొక్క మీద నుంచి ఏరడం కుదరదు. ముందే ఆ భాగంలో నేలని చదును చేసి రాళ్లు ఏరి పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరిలో మొక్క ఎండాక మొదలంటా కోసి అక్కడే దులిపి పక్కకి తీసేసి, నేలని గట్టి చీపురుతో ఊడ్చి పోగు చేయాలి. ముందు పెద్ద జల్లెడ, తర్వాత సన్న జల్లెడ, ఆ తర్వాత గాలికి తూర్పారబట్టడం. చివరికి మిగిలిన సన్న మట్టి పోవాలంటే చేటతో చెరగాల్సిందే, ఆ పనికి ఇంట్లో పెద్దవాళ్లని మించినవాళ్లు లేరు.

ఊడ్చినా కొంత గింజ నేలలోనే ఉంటుంది, ఆ భాగం మళ్లీ మొలవదేమో అన్న భయం అక్కర్లేదు. గింజని గోనెసంచిలో పోసి ఎలుకలు తగలని చోట పెడితే ఏడాదికి పెంకు కొంచెం మెత్తబడి మొలక ఇంకా మెరుగవుతుంది. ఏటా జూలైలో తోటంతా ఒకసారి నడిచి ఎక్కడెక్కడ నేల బయటపడి ఉందో చూసుకుని, వేడినీళ్ల శుద్ధి చేసిన గింజ గుప్పెడు ఆ ఖాళీల్లో చల్లి కాలితో తొక్కేయండి. భాస్వరం రెండేళ్లకోసారి, సూపర్ ఎకరాకి ఒక బస్తా చొప్పున వానకి ముందు పైన చల్లితే చాలు.